మంచు ఊళ్లో మొదటి చలికాలం: కారుకు వింటర్ టైర్లు ఎంచుకుని కొనడం ఎలా

విజయవాడలోనో హైదరాబాదులోనో ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు టైరులో చూసేవి రెండే: బటన్ (నేలను తాకే రబ్బరు దిమ్మెలు) మిగిలి ఉందా, గాలి సరిపోయిందా. టొరంటోకో, మిన్నియాపోలిస్‌కో, మ్యూనిక్‌కో వచ్చాక వీటికి మూడోది తోడవుతుంది. రబ్బరు ఎంత చలికి గట్టిపడుతుందన్నదే ఆ మూడోది. ఇది మిగతా రెండింటికంటే ముఖ్యం.

ఎండాకాలపు టైరు రబ్బరు దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ నుంచి కిందికి దిగేకొద్దీ బిగుసుకుపోతుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డు గరుకును పట్టుకోలేదు. అందుకే మంచు పడకపోయినా, పొడిగా ఉన్న రోడ్డు మీద కూడా, తెల్లవారుజామున కారు ఆగాల్సిన చోటు దాటిపోతుంది. వింటర్ టైరు రబ్బరులో సిలికా పాళ్లు, కలిపే నూనెలు వేరు. సున్నాకి చాలా కింద కూడా అది మెత్తగానే ఉంటుంది. దాని బటన్ల మీద బ్లేడుతో కోసినట్టు వందలాది సన్నని చీలికలుంటాయి. నున్నటి ఐసు మీద ఆ చీలికల అంచులు గీరుకుంటూ పట్టు దొరకబుచ్చుకుంటాయి. లోతైన గాడుల్లో మంచు కూరుకుంటుంది. మంచుకు మంచు అతుక్కుంటుంది కాబట్టి అలా కూరుకున్న మంచే మరికొంత పట్టు ఇస్తుంది.

"మనది ఆల్ వీల్ డ్రైవ్ కదా, వేరే టైర్లెందుకు?" అన్న మాట కొత్తగా వచ్చిన ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంపే ఆల్ వీల్ డ్రైవ్ చేసేది బండిని కదిలించడమే. బ్రేకులు చిన్న కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆపడానికీ మలుపులో నిలబెట్టడానికీ టైరు తప్ప ఇంకేమీ లేదు. పైగా ఆల్ వీల్ డ్రైవ్‌లో బండి సులువుగా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో బ్రేకు తొక్కేదాకా తెలియదు. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది.

మొదటి మెట్టు: మీ ఊరి చలికి ఏ రకం సరిపోతుంది?

అంగట్లో నాలుగు రకాలు దొరుకుతాయి. అమెరికాలో, కెనడాలో కొత్త కారుతో మామూలుగా వచ్చేది ఆల్ సీజన్. పేరు చూసి మోసపోవద్దు. అది డాలస్, అట్లాంటా చలికి పనికొస్తుంది కానీ మిన్నెసోటా జనవరికి ఆగదు. రెండోది ఆల్ వెదర్. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ రెమెడీ డబ్ల్యూఆర్‌జీ5, టోయో సెల్సియస్ 2 ఈ రకంవే. ఏడాదంతా మార్చకుండా నడపొచ్చు, మంచు మీద ఆల్ సీజన్ కంటే చాలా మేలు. మూడోది అసలైన వింటర్ టైరు: బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్ ఐస్ స్నో, కాంటినెంటల్ వైకింగ్‌కాంటాక్ట్, నోకియన్ హక్కపెలిట్టా ఆర్ వరస, యోకొహామా ఐస్‌గార్డ్. నాలుగోది ఇనుప మేకులు దిగగొట్టిన టైరు.

మేకుల టైర్లు మనలో చాలామందికి అక్కర్లేదు. తడి గట్టిపడిన ఐసు మీద అవి బాగా పట్టుకుంటాయి. కానీ పొడి రోడ్డు మీద గోల పెడతాయి, రోడ్డును తినేస్తాయి. జర్మనీలో వాటికి నిషేధం ఉంది. మిన్నెసోటా వాసులు వాడకూడదు. ఒంటారియోలో ఉత్తర భాగం వాళ్లకే అనుమతి.

మీరు తేల్చుకోవాల్సింది రెండో రకానికీ మూడో రకానికీ మధ్య. న్యూజెర్సీ, వర్జీనియా లాంటి చోట్ల ఏడాదికి కొన్నిసార్లే మంచు పడుతుంది, కొన్ని గంటల్లో రోడ్లు శుభ్రం చేస్తారు, మీకు ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు ఉంది. అలాంటప్పుడు మంచి ఆల్ వెదర్ టైర్లు వేసి నిశ్చింతగా ఉండొచ్చు. నెలల తరబడి సున్నా కింద ఉండే చోట, పొద్దున్నే రోడ్లు శుభ్రం కాకముందే బయల్దేరే ఉద్యోగమైతే, ఇంటిముందు వాలుగా దిగే డ్రైవ్‌వే ఉంటే మూడో రకమే తీసుకోండి. టొరంటో, మాంట్రియల్, మిన్నియాపోలిస్, బఫెలో వాళ్లకు ఇందులో రెండో ఆలోచన వద్దు. ఆల్ వెదర్ టైరు మంచు మీద బాగానే నడుస్తుంది. కరిగి మళ్లీ గడ్డకట్టిన నున్నటి ఐసు మీద మాత్రం దానికీ అసలైన వింటర్ టైరుకీ తేడా తెలిసిపోతుంది. ప్రమాదానికి ఆస్కారం ఎక్కువ ఆ నున్నటి ఐసు మీదే, ముఖ్యంగా సిగ్నళ్ల దగ్గర.

యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అక్కడ వింటర్ టైర్లలోనే రెండు జాతులు. జర్మనీ రోడ్లకు చేసినవి తడి రోడ్డుకీ, ఎక్కువ వేగానికీ తగ్గట్టు ఉంటాయి. స్వీడన్, ఫిన్లాండ్‌ల కోసం చేసినవి ఇంకా మెత్తన, ఐసు మీద మేలు, హైవే వేగంలో కాస్త మెతకగా ఊగినట్టుంటాయి. మ్యూనిక్‌లో ఉండి ఫిన్లాండ్ రకం, ఓస్లోలో ఉండి జర్మనీ రకం కొంటే డబ్బు పోసి కూడా తృప్తి ఉండదు.

రెండో మెట్టు: టైరు పక్కగోడ మీది గుర్తులు చదవండి

మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు పువ్వు. ఈ గుర్తు లేని టైరును వింటర్ టైరుగా ఎవరు అమ్మజూపినా తీసుకోవద్దు. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే చాలదు. బురదకీ మంచుకీ పనికొచ్చేలా గాడులు ఉన్నాయని తయారీదారు చెప్పుకోవడమే ఆ అక్షరాల అర్థం, పరీక్షేమీ ఉండదు. కొండ బొమ్మ రావాలంటే మంచు మీద పట్టు పరీక్ష నెగ్గాలి. అయితే ఆ పరీక్ష కూడా మంచు మీదిదే, ఐసు మీదిది కాదు. ఆల్ వెదర్ టైర్లకూ ఆ బొమ్మ ఉండేది అందుకే. కాబట్టి దీన్ని కనీస అర్హతగానే చూడాలి. యూరప్‌లో 2021 మే నుంచి వచ్చిన కొత్త లేబుల్ మీద ఐసు పట్టుకు వేరే గుర్తు ఉంటుంది, ఉత్తర దేశాల్లో ఉన్నవాళ్లు అది వెతకండి.

చట్టాలు కూడా ఈ బొమ్మ చుట్టూనే తిరుగుతాయి. క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియా కొండ దారుల్లో అక్టోబర్ 1 నుంచి, కనీసం 3.5 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. ఒంటారియోలో చట్టం లేదు కానీ వింటర్ టైర్లకు ఇన్సూరెన్స్ కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి, ఫోన్ చేసి అడిగితేనే వేస్తారు. జర్మనీలో తేదీలు లేవు, రోడ్డు మంచుగా ఉన్నరోజు ఉండాల్సిందే. 2024 అక్టోబర్ 1 నుంచి అక్కడ కొండ బొమ్మ ఉన్నవే లెక్క, ఉత్త ఎం ప్లస్ ఎస్ చెల్లదు. పట్టుబడితే 60 యూరోల జరిమానా, డ్రైవర్ రికార్డులో ఒక పాయింటు. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియా కొండలకు వెళ్లేవాళ్లు గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి, అక్కడ అంతకన్నా అరిగిన దాన్ని వింటర్ టైరు కింద లెక్కెయ్యరు.

ఇక తయారీ తేదీ. డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం. కొత్త టైరుగా అమ్ముతూ రెండేళ్లు దాటింది ఇస్తుంటే వేరేది అడగండి, లేదా ధర తగ్గించమనండి. వింటర్ టైరుకు మెత్తదనమే ప్రాణం. అది ఏళ్లు గడిచేకొద్దీ, వాడకపోయినా, పోతుంది.

మూడో మెట్టు: సైజు

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. సైజు, గాలి ఒత్తిడి అక్కడి నుంచే రాసుకోండి. ఇప్పుడున్న టైరు మీద చూసి రాయకండి, పాత యజమాని ఏదో వేసి ఉండొచ్చు.

205/55 ఆర్ 16 91 హెచ్ అని ఉందనుకోండి. 205 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 55 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 91 బరువు సూచి, అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. హెచ్ వేగం హద్దు, గంటకు 210 కిలోమీటర్లు. వింటర్ టైర్లలో వేగం అక్షరం తగ్గొచ్చు. ఆర్ అంటే 170, టీ అంటే 190, చలికాలంలో అది చాలు. జర్మనీలో మాత్రం కారు గరిష్ఠ వేగం కంటే టైరు హద్దు తక్కువైతే డ్రైవర్‌కు కనబడేలా స్టిక్కర్ అంటించాలి. బరువు సూచి మాత్రం ఏ దేశంలోనూ తగ్గించకండి. ఎలక్ట్రిక్ కార్లు బ్యాటరీ వల్ల బాగా బరువుంటాయి కాబట్టి వాటి విషయంలో ఇది మరీ ముఖ్యం.

తెలిసినవాళ్లు ఇక్కడ ఒక పని చేస్తారు: రిమ్ము సైజు ఒక మెట్టు తగ్గించి, పక్కగోడ పెంచుతారు. 2017 నుంచి 2022 దాకా వచ్చిన హోండా సీఆర్‌వీలో పై మోడళ్లలో చాలావాటికి 235/60 ఆర్ 18, కింది ఎల్ఎక్స్ మోడల్‌కు 235/65 ఆర్ 17 కంపెనీయే వేసింది. లెక్క కట్టి చూడండి. 235లో 60 శాతం 141, రెండు వైపులా 282, దానికి 18 అంగుళాల 457.2 కలిపితే 739.2 మిల్లీమీటర్లు. రెండోదానికి 305.5, 431.8 కలిపితే 737.3. తేడా అర శాతం కూడా లేదు, స్పీడోమీటర్ తప్పు చూపించదు. 17 అంగుళాల టైరు, రిమ్ము రెండూ చవక. ఎత్తైన పక్కగోడ వల్ల మంచు కింద దాక్కున్న గుంతలో పడ్డా రిమ్ము సులువుగా వంగదు. వేరే కారుకు ఇలా చెయ్యాలంటే కొత్త వ్యాసం పాతదానికి 3 శాతం లోపల ఉండాలి, చిన్న రిమ్ము బ్రేకు క్యాలిపర్‌కు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) తగలకూడదు. మీ మోడల్‌లోనే చిన్న రిమ్ముతో కంపెనీ అమ్మిన రకం ఉంటే, బ్రేకులు రెండింటికీ ఒకటే అయితే, భయం లేదు. అందం కోసం వెడల్పైన టైరు మాత్రం ఎక్కించకండి. వెడల్పు పెరిగితే టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగదు, పైపైన తేలుతుంది.

నాలుగో మెట్టు: నాలుగూ కొనండి, వీలైతే రిమ్ములతో సహా

ముందు చక్రాలకే రెండు వేయించి డబ్బు మిగిల్చుకుందామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి. ముందు టైర్లు గట్టిగా పట్టుకుంటాయి, వెనకవి జారతాయి. మలుపులో బ్రేకు తొక్కగానే కారు వెనక భాగం ముందుకు తిరిగి బొంగరంలా తిరుగుతుంది. అది మంచి డ్రైవర్ చేతిలో కూడా తిరిగి సరికాదు. ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో నాలుగు టైర్ల అరుగుదల ఎక్కువతక్కువైతే గేరుబాక్సు వైపు భాగాలు కూడా పాడవుతాయి. సుబారు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళానికి మించి తేడా ఉండొద్దంటుంది.

విడిగా నాలుగు రిమ్ములు కొనడం మొదట్లో భారంగా అనిపిస్తుంది. ఐదేళ్ల లెక్క వేస్తే తెలుస్తుంది. రిమ్ములు లేకపోతే ఏడాదికి రెండుసార్లు, అంటే పదిసార్లు, టైరు విప్పి ఎక్కించి బ్యాలెన్స్ చేయించాలి. ప్రతిసారీ డబ్బు ఒకటే కాదు, టైరు అంచు సాగి నలుగుతుంది కూడా. రిమ్ములుంటే మార్చడం నట్లు విప్పి బిగించడమే. ఇనుప రిమ్ములు చాలు. రోడ్ల మీద చల్లే ఉప్పు మీ మంచి అల్లాయ్ రిమ్ములను తినెయ్యకుండా ఉంటుంది.

రిమ్ము కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే చూసి మోసపోయేవాళ్లు చాలామంది. బోల్టుల లెక్క కలవాలి. సీఆర్‌వీకీ టయోటా క్యామ్రీకీ ఐదు బోల్టులు, వాటి మధ్యలను కలిపే వలయం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. ఫోక్స్‌వాగన్, ఆడి కార్లలో ఎక్కువ మటుకు 112. మధ్య రంధ్రం కూడా కలవాలి, హోండాకు 64.1 మిల్లీమీటర్లు. రిమ్ము రంధ్రం పెద్దదైతే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగులు వేసుకోవాలి, లేకపోతే వంద కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. ఇంకోటి, నట్లు. హోండా కంపెనీ రిమ్ములకు నట్టు కూర్చునే చోటు గుండ్రంగా, గోళీలా ఉంటుంది. బయట కొన్న రిమ్ములకు చాలావరకు శంకువు ఆకారం. టయోటా అల్లాయ్ రిమ్ములకు చాలా మోడళ్లలో చదునైన వాషరున్న నట్లు. ఒక రకం నట్టును ఇంకో రకం రంధ్రంలో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, దారిలో వదులవుతుంది. రిమ్ములతోపాటు సరిపడే నట్లు కూడా అడిగి తీసుకోండి.

గాలి తగ్గితే డ్యాష్‌బోర్డులో దీపం వెలిగే ఏర్పాటు సంగతి కూడా ముందే తేల్చుకోండి. టయోటాలో ప్రతి రిమ్ము లోపల సెన్సర్ ఉంటుంది, కొత్త రిమ్ములకు కొత్త సెన్సర్లు కావాలి. సీఆర్‌వీలో 2015 తర్వాత సెన్సర్లు లేవు, చక్రం తిరిగే వేగాన్ని బట్టి కారే లెక్కిస్తుంది, టైర్లు మార్చాక మెనూలో కాలిబ్రేట్ నొక్కితే సరి. అమెరికాలో పనిచేస్తున్న సెన్సర్ తీసేసి రిమ్ములు బిగించడానికి చాలా షాపులు ఒప్పుకోవు.

ఐదో మెట్టు: ఎప్పుడు, ఎలా కొనాలి

సెప్టెంబర్ చివర్లో వెతకడం మొదలుపెట్టి అక్టోబర్‌లో కొనండి. తయారీదారుల రిబేట్లు అప్పుడే వస్తాయి, మీ సైజు సరుకు అప్పుడే ఉంటుంది. మొదటి మంచు పడిన మర్నాడు ఊరంతా టైరు షాపుల ముందు బారులు తీరుతుంది. ఆ రోజు దొరికిందే కొనాలి. జర్మన్లు అక్టోబర్ నుంచి ఈస్టర్ దాకా అని గుర్తుపెట్టుకుంటారు, అది మంచి కొండగుర్తు.

ధర అడిగేటప్పుడు టైరు ధర అడగకండి. "నాలుగు టైర్లు, ఎక్కించడం, బ్యాలెన్సింగ్, వాల్వులు, పాత టైర్ల పారవేత ఫీజు, టాక్సు కలిపి మొత్తం ఎంత?" అని అడగండి. నాలుగు చోట్ల అదే ప్రశ్న వేసి పోల్చండి. గుంతలో పడి టైరు కోసుకుపోతే మార్చి ఇచ్చే వారంటీ కొన్ని చోట్ల ధరలోనే ఉంటుంది, కొన్ని చోట్ల విడిగా అమ్ముతారు.

చవక అవసరమైతే ఊరు మారిపోతున్న మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో రిమ్ములతో సహా పెట్టే సెట్లు చూడొచ్చు. అక్కడ నాలుగు చూడండి: తేదీ ఐదేళ్లు దాటకూడదు, నాలుగూ ఒకే మోడల్ అయి ఉండాలి, పక్కగోడల మీద ఉబ్బు ఉండకూడదు, గాడి లోతు సరిపడా ఉండాలి. కొత్త వింటర్ టైరు గాడి సుమారు 8 నుంచి 9.5 మిల్లీమీటర్లు. చాలా చోట్ల మామూలు చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా, 4.8 కంటే తక్కువైతే మంచు మీద పట్టు బాగా తగ్గిపోతుంది. ఐదారు డాలర్ల లోతు కొలిచే గేజి జేబులో పెట్టుకుని వెళ్లండి. సగం అరిగిన వింటర్ టైరు కంటే కొత్త మధ్యరకం బ్రాండే నయం.

ఆరో మెట్టు: బిగించడం

పగలు ఉష్ణోగ్రత 7 డిగ్రీల చుట్టూ తిరగడం మొదలైన వారమే వేయించండి. టైరు మీద బాణం గుర్తు ఉంటే అది కారు ముందుకు నడిచే దిక్కులో తిరగాలి. షాపువాళ్లు కూడా హడావిడిలో తిరగేసి వేస్తుంటారు, బయటికి రాగానే నాలుగు చక్రాలూ చుట్టి చూడండి.

ఇంట్లోనే మార్చుకుంటే చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం నేలమీద ఉండగానే నట్లు పావు చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తండి. ఉప్పు వల్ల రిమ్ము హబ్‌కు (రిమ్మును బిగించే మధ్య భాగానికి) తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. అది తీశాక హబ్ ముఖాన్ని ఇనుప బ్రష్షుతో రుద్ది శుభ్రం చెయ్యండి, లేకపోతే తుప్పు పొర మీద కూర్చున్న రిమ్ము తర్వాత వదులవుతుంది. బోల్టుల మరలకు గ్రీజు రాయకండి. గ్రీజుంటే టార్క్ రెంచి (బిగువు కొలిచే రెంచి) చూపే బిగువు ఒకటి, బోల్టు మీద పడే లాగుడు ఇంకోటి. నట్లు ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించి, చివరికి టార్క్ రెంచితో మాన్యువల్లో చెప్పినంత పెట్టండి. 2017–2022 సీఆర్‌వీకి అది 108 న్యూటన్ మీటర్లు. ఎవరు బిగించినా సరే, 80 నుంచి 160 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి రెంచి పెట్టి చూడాలి. ఈ ఒక్క పని ఎగ్గొడితే హైవే మీద చక్రం ఊడే ప్రమాదం ఉంది.

గాలి చలికి కుంచించుకుపోతుంది. ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు తగ్గితే గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పడిపోతుంది. 20 డిగ్రీల వెచ్చటి షాపులో 33 నింపుకుని మైనస్ 15లోకి వస్తే మిగిలేది సుమారు 27. కాబట్టి పొద్దున్నే, కారు కదలకముందు, బయటి చలిలోనే కొలిచి స్టిక్కర్ మీది అంకెకు నింపండి. నెలకోసారి చూడండి. మంచు మీద పట్టు కోసమని గాలి తగ్గించడం తప్పు. పక్కగోడలు వేడెక్కి దెబ్బతింటాయి, స్టీరింగ్ బరువెక్కుతుంది.

కొత్త టైరు మీద అచ్చు నుంచి తీసేటప్పటి జిడ్డు పొర ఉంటుంది. మొదటి 500 కిలోమీటర్లు సాఫీగా నడపండి. ఆ తర్వాత మొదటి మంచు రోజున ఖాళీ పార్కింగ్ స్థలంలో గంటకు 20, 30 కిలోమీటర్ల వేగంలో రెండు మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి చూడండి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తుంటే పెడల్ కాలి కింద గిలగిల కొట్టుకుంటుంది, భయపడి కాలు తియ్యకండి.

వసంతంలో విప్పి దాచడం

పొద్దుటి పూట కూడా 7 డిగ్రీలు దాటడం నిలకడైతే విప్పెయ్యండి. ఎండాకాలం అవే నడిపితే మెత్తటి రబ్బరు పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది, వేడి రోడ్డు మీద బ్రేకు దూరమూ పెరుగుతుంది. విప్పగానే ప్రతి టైరు మీదా సుద్దతో కుడి ముందు, ఎడమ వెనక అని రాసుకోండి. వచ్చే ఏడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేస్తే అరుగుదల సమానమవుతుంది. ఉప్పు పోయేలా నీళ్లతో కడిగి, బాగా ఆరాక పెద్ద చెత్త సంచుల్లో పెట్టి, సంచుల్లోని గాలి తీసేసి కట్టండి. ఎండ తగలని, చల్లని చోట పెట్టాలి. రిమ్ములతో ఉన్నవైతే ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు, ఉత్త టైర్లయితే నిలబెట్టి నెలకోసారి కాస్త తిప్పాలి. ఫర్నేస్, ఫ్రీజర్, కరెంటు మోటార్ల పక్కన మాత్రం పెట్టకండి. అవి వెలువరించే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. అపార్ట్‌మెంట్‌లో చోటు లేకపోతే చాలా టైరు షాపులు సీజనుకు ఇంతని తీసుకుని దాస్తాయి. అప్పగించేటప్పుడు డీఓటీ అంకెలు, గాడి లోతు ఫోటో తీసి పెట్టుకోండి, తిరిగి తీసుకునేటప్పుడు అవే మీ టైర్లని సరిచూసుకోవచ్చు.